కొండకో లెన్సు, కొంగకో లెన్సు: ప్రకృతి ఫొటోలకు ఫోకల్ లెంగ్త్ ఎంచుకోవడం ఎలా?

గండికోట చూసి వచ్చినవాళ్లు తరచూ ఒక మాట అంటుంటారు: “అంచున నిలబడితే గుండె ఝల్లుమంది, ఫొటోలో చూస్తే పంటకాలువలా ఉంది.” పెన్నా నది కోసిన ఆ లోయ ముందుకు వెళ్లగానే మొత్తం పట్టేయాలన్న ఆత్రంలో చాలామంది చేసే పని ఒకటే, లెన్సును వీలైనంత వైడ్‌కు తిప్పడం. అలా తిప్పితే కాళ్ల దగ్గరి బండలు పెద్దవవుతాయి. ఎదుటి రాతిగోడ, అడుగున పారే నది చిన్నబోతాయి. అక్కడ మన చూపు నిలిచింది ఎదుటి గోడ మీద. ఫొటోలో సగానికి పైగా ఆక్రమించింది కాలి కింది రాయి, తలపైని ఆకాశం.

ఈ చిక్కును ఎలా విప్పుకోవాలో ఒక్కొక్క మెట్టుగా చెబుతాను. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. కెమెరాతో పాటు వచ్చిన 18–55 మి.మీ. లెన్సు ఉన్నా, రెండు మూడు కెమెరాలున్న ఫోను మాత్రమే ఉన్నా ఇందులోని పనులు చాలావరకు చేయవచ్చు. నేను గట్టిగా నమ్మేది ఒకటుంది: ఫొటో రూపాన్ని ముందుగా నిర్ణయించేది మీరు నిలబడే చోటు, ఆ తర్వాతే లెన్సు. ఈ వరుస తారుమారైనప్పుడే లోయలు కాలువలవుతాయి, పక్షులు చుక్కలవుతాయి.

1. ముందు మీ అంకెలు తెలుసుకోండి

ఫోకల్ లెంగ్త్‌ను మిల్లీమీటర్లలో చెబుతారు. అంకె చిన్నదైతే లెన్సు ఎక్కువ మేర చూస్తుంది. పెద్దదైతే తక్కువ మేర చూసి, దాన్నే పెద్దగా చూపిస్తుంది. 36×24 మి.మీ. సెన్సర్ (బొమ్మను పట్టే చిప్పు) ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో, మూల నుంచి మూలకు కొలిస్తే, 24 మి.మీ. లెన్సు సుమారు 84 డిగ్రీల మేర చూస్తుంది. 50 మి.మీ. లెన్సు 47 డిగ్రీలు, 200 మి.మీ. 12 డిగ్రీలు, 400 మి.మీ. ఆరు డిగ్రీల పైచిలుకు, 600 మి.మీ. నాలుగు డిగ్రీలు.

మీ కెమెరా సెన్సర్ ఇంతకన్నా చిన్నదైతే అదే లెన్సు ఇంకా తక్కువ మేర చూస్తుంది. నికాన్, సోనీ, ఫుజీఫిల్మ్ ఏపీఎస్-సీ కెమెరాల్లో ఫోకల్ లెంగ్త్‌ను 1.5తో, కెనాన్ ఏపీఎస్-సీలో 1.6తో, మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాల్లో 2తో గుణించి ఫుల్‌ఫ్రేమ్ అంకెతో పోల్చుకోండి. నికాన్ ఏపీఎస్-సీ మీద 300 మి.మీ. లెన్సు, ఫుల్‌ఫ్రేమ్ మీద 450 మి.మీ. లెన్సు చూసినంత మేరే చూస్తుంది. ఫోన్లలో ప్రధాన కెమెరా సాధారణంగా 24 మి.మీ.కు అటూ ఇటూ, అల్ట్రావైడ్ 13 మి.మీ.కు దగ్గరగా ఉంటాయి. దూరపువాటిని దగ్గరగా చూపే టెలిఫోటో కెమెరా ఉంటే అది ఎక్కువగా 70–120 మి.మీ. మధ్య వస్తుంది. ఈ కెమెరాల మధ్య మీరు వేళ్లతో లాగే జూమ్ అంతా దాదాపు బొమ్మను కత్తిరించడమే.

ఇక జేబులో పెట్టుకోవలసిన లెక్క ఒకటి:

ఫ్రేములో పట్టే వెడల్పు = దూరం × సెన్సర్ వెడల్పు ÷ ఫోకల్ లెంగ్త్

ఫుల్‌ఫ్రేమ్‌కు సెన్సర్ వెడల్పు 36, ఏపీఎస్-సీకి సుమారు 24 అనుకోండి. 20 మీటర్ల దూరంలో 24 మి.మీ. లెన్సు ఫుల్‌ఫ్రేమ్ మీద 30 మీటర్ల వెడల్పు పడుతుంది. అదే దూరంలో 400 మి.మీ. లెన్సుకు దక్కేది 1.8 మీటర్లు. కుంటాల జలపాతానికి వెళ్లే ముందే ఈ లెక్క వేసుకోవచ్చు. దాని ఎత్తు సుమారు 45 మీటర్లు. 100 మీటర్ల దూరం నుంచి కెమెరాను నిలువుగా పట్టి 24 మి.మీ.తో తీస్తే ఫ్రేములో 150 మీటర్ల ఎత్తు పడుతుంది, అందులో జలపాతానిది మూడో వంతుకన్నా తక్కువ. 60 మి.మీ.కు వెళ్తే ఫ్రేము ఎత్తు 60 మీటర్లవుతుంది. అప్పుడు పైనా కిందా కాస్త చోటు మిగిలి, నీటి ధార ఫ్రేమును నింపుతుంది. జలపాతం అనగానే వైడ్ లెన్సు వైపు చేయి వెళ్లడం అలవాటు మాత్రమే, అవసరం కాదు.

2. ఒక బండ దగ్గర ఈ పరీక్ష చేయండి

ఈ మెట్టు దాటవేయవద్దు. మిగిలినవన్నీ దీని మీదే నిలుస్తాయి.

హైదరాబాదు చుట్టుపక్కల ఉంటే గ్రానైట్ బండలకు కొదవ లేదు. మనిషి ఎత్తుకు కాస్త మించిన బండను చూసుకోండి. దాని వెనక దాదాపు 30 మీటర్ల దూరంలో ఒక చెట్టు ఉండాలి. ఏపీఎస్-సీ కెమెరాలో లెన్సును 18 మి.మీ. దగ్గర ఉంచి, బండకు మూడు మీటర్ల దూరంలో నిలబడి తీయండి. తర్వాత బండకు 30 మీటర్ల దూరం వచ్చేదాకా వెనక్కి నడిచి, 180 మి.మీ.తో తీయండి. దూరం పదింతలైంది, ఫోకల్ లెంగ్త్ కూడా పదింతలైంది. కాబట్టి రెండు ఫొటోల్లోనూ బండ ఒకే పరిమాణంలో ఉంటుంది.

ఇప్పుడు చెట్టును చూడండి. మొదటి ఫొటోలో అది మీకు 33 మీటర్ల దూరంలో ఉంది, అంటే బండకన్నా పదకొండు రెట్లు దూరం. రెండో ఫొటోలో 60 మీటర్లు, అంటే రెండు రెట్లే. అందుకే రెండో ఫొటోలో బండతో పోల్చినప్పుడు చెట్టు ఐదున్నర రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. మొదటి దానిలో బండదే రాజ్యం, చెట్టు ఎక్కడో మూల మొక్కలా ఉంటుంది. రెండో దానిలో చెట్టు బండ భుజం మీదకు వచ్చి నిలబడినట్టు ఉంటుంది.

దీనికి కారణం లెన్సేనని చాలామంది అనుకుంటారు. కాదని మీరే తేల్చుకోవచ్చు. మూడు మీటర్ల చోటే కదలకుండా నిలబడి 18 మి.మీ.తో ఒకటి, 55 మి.మీ.తో ఒకటి తీయండి. ఇంటికి వచ్చాక మొదటి ఫొటోను రెండోది పట్టినంత మేరకే కత్తిరించి పక్కపక్కన పెట్టండి. బండకూ చెట్టుకూ ఉన్న పొంతన రెండింటిలోనూ ఒక్కటే. వస్తువుల మధ్య దూరాలు ఎలా కనిపించాలో నిర్ణయించేది మీరు నిలబడిన చోటు. ఆ దృశ్యంలో ఎంత భాగాన్ని తీసుకోవాలో నిర్ణయించేది ఫోకల్ లెంగ్త్.

అందుకే పొలంలోకో అడవిలోకో వెళ్లినప్పుడు జూమ్ రింగు తిప్పే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ముందున్నది పెద్దగా కనిపించాలా, వెనకున్నది దగ్గరకు రావాలా? దాన్ని బట్టి ముందుకో వెనక్కో నడవండి. సరైన చోటు దొరికాక ఫ్రేము సరిపడేలా ఫోకల్ లెంగ్త్ ఎంచుకోండి.

3. వైడ్ లెన్సు: దగ్గరికి వెళ్లండి, కిందికి వంగండి

14 నుంచి 28 మి.మీ. వరకు ఉన్న లెన్సులతో తీసిన ఫొటోలు చప్పగా రావడానికి ఒకటే కారణం ఎక్కువగా కనిపిస్తుంది: ముందు భాగంలో ఏమీ ఉండదు. వైడ్ లెన్సు దూరాన ఉన్నవాటిని చిన్నవి చేస్తుంది కాబట్టి, దగ్గరగా ఏదో ఒకటి లేకపోతే కంటికి పట్టు దొరకదు.

విశాఖపట్నానికీ భీమునిపట్నానికీ మధ్య సముద్రపు ఒడ్డున ఉన్న ఎర్రమట్టి దిబ్బలు దీనికి మంచి పాఠశాల. వాన నీరు కోసిన చిన్న చిన్న పాయలు, గట్లు, వాటి మధ్య మెత్తని ఇసుక. నిలబడి తీస్తే అన్నీ కలిసిపోయి ఒకే ఎర్రటి పరుపులా ఉంటాయి. మోకాలి ఎత్తుకు దిగండి. నీరు కోసిన గాడి ఒకటి మీకు అర మీటరు దూరంలో మొదలై లోపలికి వంకర తిరుగుతూ వెళ్లేలా చూసుకోండి. కెమెరాను మరో జానెడు కిందికి దించితే ఆ గాడి అంచు నీడ పొడవవుతుంది. పొద్దున్నే ఎండ పక్క నుంచి పడుతున్నప్పుడు ఆ నీడే ఫొటోకు లోతు ఇస్తుంది. జీడిమామిడి చెట్టో తాటిచెట్టో పైన మూలన చిన్నగా ఉంటే చాలు, ఆ దిబ్బ ఎంత పెద్దదో చూసేవారికి అర్థమవుతుంది. అది రక్షిత ప్రదేశం, ఆ మట్టి అడుగు పడితే జారిపోతుంది. ఉన్న దారుల్లోనే నడవండి, గట్ల మీదకు ఎక్కవద్దు.

దగ్గరి గాడి నుంచి దూరపు చెట్టు వరకు అంతా స్పష్టంగా రావాలంటే ఫోకస్ ఎక్కడ పెట్టాలి? ఫుల్‌ఫ్రేమ్ మీద 16 మి.మీ., ఎపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) ఎఫ్11 అయితే సుమారు 80 సెం.మీ. దూరంలో పెట్టండి, 40 సెం.మీ. నుంచి అనంతం వరకు స్పష్టత వస్తుంది. 24 మి.మీ., ఎఫ్11 అయితే 1.8 మీటర్ల దగ్గర పెట్టండి, దాదాపు 90 సెం.మీ. నుంచి స్పష్టత మొదలవుతుంది. ఫోకస్ పెట్టే ఈ దూరాన్నే హైపర్‌ఫోకల్ దూరం అంటారు. ఇదే ఎపర్చర్‌లో 50 మి.మీ.కు ఆ దూరం ఏడున్నర మీటర్లు, 200 మి.మీ.కు 120 మీటర్లు దాటుతుంది. దగ్గరి పువ్వూ దూరపు కొండా ఒకే ఫ్రేములో స్పష్టంగా కావాలంటే చిన్న ఫోకల్ లెంగ్త్‌కు ఎందుకు వెళ్లాలో ఈ అంకెల్లోనే ఉంది.

ఇంకో మూడు జాగ్రత్తలు. కెమెరాను పైకి ఎత్తితే చెట్లన్నీ లోపలికి వాలినట్టు వస్తాయి. అడవిలో అది కావాలనుకుంటే బాగా ఎత్తి నేరుగా కొమ్మల వైపు చూడండి, వద్దనుకుంటే కెమెరాను సమంగా పట్టి పై భాగాన్ని తర్వాత కత్తిరించండి. సగం సగం ఎత్తితే పొరపాటులా కనిపిస్తుంది. ఫ్రేము అంచుల్లో ఉన్నవి సాగినట్టు వస్తాయి కాబట్టి మనుషులను, గుండ్రని రాళ్లను అంచులకు నెట్టవద్దు. నీలాకాశం ఎక్కువగా ఉన్న ఫొటోకు వైడ్ లెన్సు మీద పోలరైజర్ (ఆకాశాన్ని ముదురుగా చూపే ఫిల్టర్) ఉంటే తీసేయండి. సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఆకాశం బాగా నల్లబడి, మిగతా చోట మామూలుగా ఉండి, మధ్యలో పెద్ద మచ్చలా తేలుతుంది.

రాత్రి నక్షత్రాలకు కూడా వైడ్ లెన్సే. 500ను ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే నక్షత్రాలు గీతలు కాకుండా ఎన్ని సెకన్లు షటర్ తెరిచి ఉంచవచ్చో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 20 మి.మీ.కు 25 సెకన్లు, 50 మి.మీ.కు 10 సెకన్లే. ఏపీఎస్-సీలో ముందు 1.5తో గుణించి ఆ తర్వాత భాగించండి.

4. నడిమి లెన్సు: అడవి లోపల

35 నుంచి 70 మి.మీ. గురించి ఎవరూ గొప్పగా చెప్పరు. దట్టమైన అడవిలో మాత్రం నేను ముందు వీటినే తీస్తాను. వైడ్ లెన్సులో అడవి అంటే కొమ్మల గజిబిజి. పెద్ద టెలిఫోటోకు చెట్లు అడ్డం వస్తాయి. 50 మి.మీ.తో నాలుగైదు మొదళ్లను ఎంచుకుని, ఒకదానితో ఒకటి అంటుకోకుండా వాటి మధ్య కాస్త వెలుతురు కనిపించేలా పక్కకు జరిగితే నల్లమల లాంటి చోట అడవి ఫొటో కుదురుతుంది. ఇక్కడ లెన్సుకన్నా అర అడుగు పక్కకు జరగడమే ఎక్కువ పని చేస్తుంది.

5. టెలిఫోటోతో కొండలను దగ్గరికి తేవడం

కొండలను తీయడానికి వైడ్ లెన్సు కావాలన్నది బలంగా పాతుకుపోయిన నమ్మకం. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద శీతాకాలపు ఉదయం నిలబడి చూడండి. మేఘాల పాలసముద్రం మీద కొండల వరుసలు, ఒకదాని వెనక ఒకటి. 16 మి.మీ.తో తీస్తే ఆ వరుసలన్నీ ఫ్రేము నడుమ సన్నని గీతలో ఇరుక్కుంటాయి. 100 నుంచి 200 మి.మీ. మధ్యకు వెళ్లండి. దూరపు వరుసలన్నీ మీకు కొన్ని కిలోమీటర్ల అవతల ఉన్నాయి, కాబట్టి వాటి మధ్య దూరం మీ దృష్టిలో దాదాపు కరిగిపోతుంది. ఒక కొండ మీద ఇంకో కొండ పేర్చినట్టు వస్తుంది. గాలిలోని మంచు వల్ల ముందు వరుస ముదురుగా, వెనకవి అంతకంతకూ లేతగా ఉంటాయి. ఫొటోలో లోతును చెప్పేది ఆ రంగుల మెట్లే.

ఇలా చేయండి. సూర్యోదయానికి ముందే 70 మి.మీ.తో మొదలుపెట్టి, ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా చూస్తూ వెళ్లండి. కనీసం మూడు వరుసలు విడివిడిగా కనిపించే చోట ఆగండి. అక్కడ జూమ్ పెంచుతూ ఆకాశం సన్నని పట్టీగా మిగిలేవరకు లేదా పూర్తిగా పోయేవరకు వెళ్లండి. దూరం ఎక్కువ కాబట్టి ఎఫ్8 సరిపోతుంది. సూర్యుడు పైకి వచ్చాక ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి టెలిఫోటోతో దాన్ని చూడవద్దు, కంటికి ప్రమాదం. వెనక తెర మీద చూసి తీయండి.

గండికోటకూ ఇదే మందు. అంచు నుంచి వెనక్కి, భద్రంగా ఉన్న రాతి పలక మీదకు వచ్చి, నది మలుపు తిరిగే చోటును 70–100 మి.మీ.తో తీయండి. ఎదుటి గోడలోని పొరలు, పగుళ్లు, వాటి మీద పడే సాయంత్రపు ఎండ ఫ్రేమును నింపుతాయి. ఎదుటి అంచున ఎవరైనా మనిషి నిలబడి ఉంటే వదలకండి. గోరంత మనిషి పక్కన గోడ ఎత్తు ఒక్కసారిగా తెలుస్తుంది. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి అడుగు మాత్రం వేయకండి, లోయ అంచున చాలాచోట్ల కంచె ఉండదు.

చంద్రుడిని పెద్దగా తీయడం కూడా దూరంతో ఆడే ఆటే. ఆకాశంలో చంద్రబింబం అర డిగ్రీ మాత్రమే. సెన్సర్ మీద దాని పరిమాణం ఫోకల్ లెంగ్త్‌లో నూరో వంతుకు కాస్త తక్కువ. 24 మి.మీ. లెన్సుతో పావు మిల్లీమీటరు కూడా రాదు, 400 మి.మీ.తో సుమారు 3.5 మి.మీ. వస్తుంది, అంటే ఫుల్‌ఫ్రేమ్ ఎత్తులో దాదాపు ఏడో వంతు. తాటిచెట్టు తల వెనక నిండు చంద్రుడు ఒదిగిపోవాలంటే చెట్టుకు దూరంగా వెళ్లాలి. ఒక మీటరు వెడల్పున్న వస్తువు సుమారు 115 మీటర్ల దూరంలో చంద్రుడంత కనిపిస్తుంది. ఐదు మీటర్ల వెడల్పున్న తాటి తలకు 575 మీటర్లు వెనక్కి నడవాలి. అక్కడి నుంచి 400 మి.మీ.తో తీస్తే ఫ్రేములో దాదాపు 52 మీటర్ల వెడల్పు పడుతుంది, చెట్టు మొత్తం హాయిగా ఇముడుతుంది. పున్నమి నాడు చంద్రుడు ఇంచుమించు సూర్యాస్తమయ వేళకు ఉదయిస్తాడు, పొలాలు త్వరగా చీకటి పడిపోతాయి. చతుర్దశి నాడు ఇంకా వెలుతురు ఉండగానే పైకి వస్తాడు, చెట్టూ చంద్రుడూ ఒకే ఎక్స్‌పోజర్‌లో కుదురుతాయి.

6. పక్షులకు: ఎంత పొడవు కావాలి?

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి పక్కనే గూళ్లు కట్టుకుంటాయి. జనం అలవాటైన పక్షులు కాబట్టి కొత్తగా నేర్చుకునేవారికి ఇంతకన్నా మంచి చోటు దొరకడం కష్టం. అక్కడికి వెళ్లేవారు ముందుగా అడిగేది, 600 మి.మీ. కావాలా అని. లెక్క వేసి చూద్దాం. గూడబాతు రెక్కలు విప్పితే రెండు మీటర్లు దాటుతుంది. 30 మీటర్ల దూరంలో 400 మి.మీ. లెన్సు ఫుల్‌ఫ్రేమ్ మీద 2.7 మీటర్ల వెడల్పే పడుతుంది. 600 మి.మీ. అయితే 1.8 మీటర్లు, రెక్క కొసలు తెగిపోతాయి. ఎగిరే గూడబాతుకు 200–300 మి.మీ. చాలు. ఫ్రేములో చోటు ఎక్కువ ఉంటే పక్షి వెంట కెమెరా తిప్పడమూ తేలిక.

చిన్న పిట్టల సంగతి వేరు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట దాదాపు 33 సెం.మీ. పొడవుంటుంది. కరెంటు తీగ మీద కూర్చున్నదాన్ని 15 మీటర్ల దూరం నుంచి ఏపీఎస్-సీ కెమెరాలో 400 మి.మీ.తో తీస్తే ఫ్రేము వెడల్పు 90 సెం.మీ., అందులో పిట్టది మూడో వంతుకన్నా కాస్త ఎక్కువ. బాగుంటుంది. చిన్న లకుముకిపిట్ట అందులో సగమే ఉంటుంది, దానికి దూరం సగానికి తగ్గించుకోవాలి. ఎక్కువ మి.మీ. కొనడానికీ దగ్గరికి చేరడానికీ మధ్య ఎంచుకోవలసి వస్తే, ఓపికగా కూర్చుని పిట్టే దగ్గరికి వచ్చేలా చూసుకోవడమే మేలు. దూరం పెరిగేకొద్దీ మధ్యలో గాలి పెరుగుతుంది, ఆ గాలిని ఏ లెన్సూ తుడిచేయలేదు.

ఈ మాట వేసవిలో ఇంకా గట్టిగా చెప్పాలి. నంద్యాల జిల్లా రోళ్లపాడు లాంటి గడ్డి మైదానంలో పొద్దెక్కాక కృష్ణజింకను 500 మి.మీ.తో తీయండి, ఎండమావుల్లో దాని కాళ్లు అలలు అలలుగా వణుకుతుంటాయి. ఫోకస్ సరిగ్గా పడలేదని మళ్లీ మళ్లీ తీస్తాం, ఫలితం ఉండదు. నేల వేడెక్కక ముందు, సూర్యోదయం తర్వాతి మొదటి గంటల్లోనే దూరపు ఫొటోలు ముగించండి. ఏసీ వేసిన కారు కిటికీ దించి వెంటనే తీసినా ఇదే జరుగుతుంది, లోపలి చల్లగాలి బయటి వేడిగాలి కలిసే చోటే మీ లెన్సు ఉంటుంది.

చేతితో పట్టి తీసేటప్పుడు షటర్ స్పీడు కనీసం ఫోకల్ లెంగ్త్‌కు తలకిందులుగా ఉండాలి. 400 మి.మీ.కు సెకనులో 400వ వంతు, ఏపీఎస్-సీ మీదైతే 600వ వంతు. లెన్సులోని స్టెబిలైజేషన్ మీ చేతి వణుకును ఆపుతుంది, పక్షి రెక్కను ఆపలేదు. కూర్చున్న పక్షికి సెకనులో 500వ వంతు, ఎగిరే పక్షికి 2000వ వంతు దగ్గర మొదలుపెట్టండి, వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ పెంచండి. కాస్త గరుకుగా ఉన్న ఫొటో పనికొస్తుంది, చెదిరినది పనికిరాదు.

ఫోకస్ లోతు ఎంత తక్కువో కూడా తెలియాలి. 400 మి.మీ., ఎఫ్5.6, 10 మీటర్ల దూరం: స్పష్టంగా ఉండేది సుమారు 21 సెం.మీ. మందం. ఐదు మీటర్లకు వస్తే అయిదు సెం.మీ. మాత్రమే. అందుకే ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే పెట్టండి. ముక్కు మీద పడితే కన్ను మసకబారుతుంది.

టెలిఫోటో చేసే అసలు మేలు చాలామంది గమనించరు. ఇంత సన్నని కోణంలో పక్షి వెనక కనిపించేది చాలా చిన్న ముక్క. కాబట్టి ఒక్క అడుగు ఎడమకు వేస్తే నేపథ్యం మొత్తం మారిపోతుంది. పిట్ట వెనక తెల్లటి ఆకాశం ఉంటే పక్కకు జరిగి, దూరంగా ఉన్న వరిచేనో చింతచెట్టు నీడో వెనకకు వచ్చేలా చూడండి. అదే పిట్ట, అదే తీగ, కొత్త ఫొటో.

గూళ్ల దగ్గర ఒక నియమం తప్పకుండా పాటించండి. పక్షి మెడ నిక్కించి మిమ్మల్నే చూస్తున్నా, అదేపనిగా అరుస్తున్నా, గూటికి రాకుండా చుట్టూ తిరుగుతున్నా మీరు ఎక్కువ దగ్గరికి వచ్చినట్టే. వెంటనే వెనక్కి తగ్గండి. గుడ్లు ఎండకు గురైతే కొద్దిసేపట్లోనే పాడవుతాయి. పెద్ద లెన్సు కొనడానికి మంచి కారణం ఏదైనా ఉందంటే అది ఈ దూరాన్ని కాపాడుకోవడమే.

7. ఆరుద్ర పురుగు దగ్గర

జూన్ మూడో వారం దాటాక, ఆరుద్ర కార్తెలో వాన పడి తెరిపివ్వగానే ఇసుక నేలల మీద ఎర్ర మఖమల్ పురుగులు పాకుతుంటాయి. ఒక సెంటీమీటరు అటూ ఇటూ ఉండే ఆ జీవిని తీయడానికి మాక్రో లెన్సు, అంటే చిన్నవాటిని అతి దగ్గరి నుంచి పెద్దగా చూపే లెన్సు కావాలి. 60, 100 మి.మీ. మాక్రో లెన్సులు రెండూ దాన్ని సెన్సర్ మీద అసలు పరిమాణంలో చూపగలవు. తేడా దూరంలో ఉంది. 60 మి.మీ.తో లెన్సు ముందు భాగం పురుగుకు 10 సెం.మీ. లోపే ఉంటుంది, మీ నీడే దాని మీద పడుతుంది, అది కాళ్లు ముడుచుకుంటుంది. 100 మి.మీ.తో సుమారు 15 సెం.మీ. దొరుకుతుంది, వెనక కనిపించే నేల కూడా తగ్గి మెత్తబడుతుంది. సీతాకోకచిలుకలకు, తూనీగలకు ఇంకా పొడవైనదైతే సుఖం.

నేల మీద పడుకుని, పురుగు కంటి ఎత్తుకు లెన్సు తెచ్చుకోండి. అసలు పరిమాణంలో ఎఫ్8 దగ్గర స్పష్టత ఒక మిల్లీమీటరుకు మించదు. కాబట్టి ఫోకస్ రింగును వదిలేసి, శరీరాన్ని వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఊపుతూ వరసగా తీయండి. ఎర్రటి నూగు వెంట్రుకల చివర్లు విడివిడిగా కనిపించిన ఫొటోను ఉంచుకోండి. తర్వాత వైడ్ లెన్సు వేసి, అది ఎంత దగ్గరగా ఫోకస్ చేయగలిగితే అంత దగ్గరికి వెళ్లి ఇంకొకటి తీయండి. తడి ఇసుక, మొలకెత్తుతున్న గడ్డి, మబ్బు పట్టిన ఆకాశం, వాటన్నిటి మధ్య ఒక ఎర్ర చుక్క. పురుగు ఎలా ఉంటుందో మాక్రో చూపిస్తే, ఎక్కడ బతుకుతుందో ఇది చూపిస్తుంది.

8. కొనే ముందు, బయలుదేరే ముందు

కొత్త లెన్సు కొనాలనిపిస్తే ముందు మీ పాత ఫొటోలు తెరవండి. ప్రతి ఫొటో వివరాల్లో ఏ ఫోకల్ లెంగ్త్‌తో తీశారో నమోదై ఉంటుంది. మీకు నచ్చినవాటినే ఏరి ఆ అంకెలు కాగితం మీద రాయండి. ఎక్కువ భాగం 55 దగ్గర ఆగిపోయి, వాటినీ కత్తిరించి ఉంటే మీకు కావలసింది టెలిఫోటో. అన్నీ 18 దగ్గరే ఉండి, ఇంకాస్త పట్టి ఉంటే బాగుండేదనిపిస్తే వైడ్. పక్షుల మీద ప్రేమ కొత్తగా పుట్టినట్టయితే కొనకుండా ఒక వారాంతానికి అద్దెకు తీసుకోండి. హైదరాబాదు లాంటి నగరాల్లో లెన్సులు అద్దెకు దొరుకుతాయి.

బరువు కూడా లెక్కలోకి తీసుకోండి. 600 మి.మీ. వరకు వెళ్లే జూమ్ లెన్సులు సుమారు రెండు కిలోలు తూగుతాయి. ఉప్పలపాడు చెరువు గట్టుకు అది సరే. వంజంగి ఎక్కేటప్పుడు దాన్ని ఇంట్లో పెట్టి, 70–200 లేదా 55–250 ఒకటి, తేలికైన ట్రైపాడ్ ఒకటి సంచిలో వేసుకోండి. ఎర్రమట్టి దిబ్బలకు ఒక వైడ్ జూమ్, దుమ్ము తుడిచేందుకు మెత్తని బట్ట చాలు. ఆ సన్నని ఇసుక గాలికి లేస్తుంది కాబట్టి అక్కడ లెన్సు మార్చకండి.